పెరడు సిమెంటయ్యాక గోడలు ఎందుకు చెమ్మెక్కాయి: గుంటూరు పాత పేటలో ఒక ఇంటి కేస్ స్టడీ

పాత ఇళ్ల మరమ్మతు పనుల్లో ఎక్కువగా వచ్చే ఫిర్యాదు గోడల చెమ్మ. దానికి మందు గోడకే పూస్తారు. ఈ కేసులో జబ్బు గోడది కాదు, గోడ చుట్టూ ఉన్న నేలది. అందుకే దీన్ని వివరంగా రాసి పెడుతున్నాం. ఇంటివాళ్ల వివరాలు, లైను, అడ్డరోడ్డు, డోరు నంబరు ఇవ్వడం లేదు.

నేపథ్యం

గుంటూరులో "నాలుగు బై పద్నాలుగు" అంటే చాలు, ఆటో నేరుగా ఇంటి ముందు ఆగుతుంది. నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు అని అర్థం. బ్రాడీపేట, అరండల్‌పేట ఇలా నిలువు లైన్లు, అడ్డరోడ్లుగా గీసుకుని వేసిన పేటలు. పేర్లే చెబుతాయి అవి ఏ కాలానివో. పాత ఊళ్లో గోడకు గోడ ఆనుకుని ఇళ్లుంటే, ఈ పేటల్లో వకీళ్లు, డాక్టర్లు, పొగాకు వ్యాపారులు స్థలం మధ్యలో ఇల్లు కట్టుకుని చుట్టూ ఖాళీ వదిలారు. ముందు పూలమొక్కలు, వెనక బావి, గొడ్ల చావిడి, విడిగా వంటిల్లు.

ఇంచుమించు ఆ రోజుల్లోనే ఇంగ్లండులో గార్డెన్ సబర్బ్, అంటే తోటల మధ్య ఇళ్లుండే శివారు పేట అనే ఆలోచన బలంగా నడిచింది. లండన్ ఉత్తర శివారులో హెన్రియెట్టా బార్నెట్ పూనికతో, రేమండ్ అన్విన్, బారీ పార్కర్ల ప్లానుతో 1907లో మొదలైన హాంప్‌స్టెడ్ గార్డెన్ సబర్బ్ దానికి పేరుమోసిన నమూనా. ఎకరానికి సగటున 8 ఇళ్లకు మించకూడదు, రోడ్డుకి అటూ ఇటూ ఎదురెదురు ఇళ్ల మధ్య కనీసం 50 అడుగులు ఉండాలి, స్థలానికీ స్థలానికీ మధ్య గోడ కాకుండా మొక్కల కంచె ఉండాలి. ఇవన్నీ అక్కడ ముందే రాసుకున్న షరతులు. మన దగ్గర 1920 నాటి మద్రాసు టౌన్ ప్లానింగ్ చట్టం తర్వాత త్యాగరాయనగర్ వంటి విశాలమైన పేటలు వచ్చాయి. గుంటూరు పేటలను గార్డెన్ సబర్బులు అనడం అతిశయోక్తి అవుతుంది. అయితే ఇంటిని, దాని చుట్టూ ఉన్న నేలను ఒకే కట్టడంగా చూసిన చూపు రెండు చోట్లా ఒకటే. ఈ కేసంతా ఆ చూపు పోవడం గురించే.

ఇల్లు 1930ల నాటిది. స్థలం 800 గజాలు: రోడ్డు వైపు 60 అడుగులు, లోతు 120. ఇల్లు 44 అడుగుల వెడల్పు, 40 అడుగుల లోతు. ముందు 26 అడుగులు, పక్కల 8 అడుగుల చొప్పున, వెనక 54 అడుగులు ఖాళీ. అంటే కట్టడం స్థలంలో నాలుగో వంతు. గోడలు 18 అంగుళాల మందం, ఇటుక, గానుగ సున్నం. గదుల మీద మద్రాస్ టెర్రస్ మిద్దె (టేకు దంతెల మీద ఇటుక, సున్నంతో వేసిన కప్పు), వరండా మీద మంగుళూరు పెంకు. నేలకు కడప బండలు. కింద నల్లరేగడి.

వచ్చిన ఫిర్యాదు

లోపలి గోడలు నేల నుంచి ఐదడుగుల వరకు చెమ్మ. పూత పెచ్చులు పెచ్చులుగా ఊడుతోంది. పడకగదిలో బీరువా వెనక బూజు, బట్టలకు వాసన. హాల్లో కప్పు నుంచి సున్నం పొడి రాలుతోంది. పెద్దావిడ ఆ ఇంట్లోనే ఉంటారు. కొడుకులిద్దరిలో ఒకరు ఊళ్లో, ఒకరు విదేశంలో. బిల్డరు సగం సగం పద్ధతిలో అపార్ట్‌మెంట్ కడతానని వచ్చాడు. ఇల్లు నిలుస్తుందా, పడగొట్టాల్సిందేనా అన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు చెమ్మ ఎక్కడి నుంచి వస్తోందో తేలాలి. చెమ్మను చూసి "ఇల్లు అయిపోయింది" అనేయడం వల్లే ఈ పేటల్లో చాలా మంచి ఇళ్లు నేలమట్టమయ్యాయి.

అంతకుముందు చేయించినవి

పదిహేనేళ్లలో ఇంటికి ఐదు పనులు జరిగాయి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే సబబుగానే కనపడుతుంది. వరస పెట్టి చూస్తే తప్ప అసలు సంగతి తెలియదు.

మొదట, వానాకాలం బురద, కారు పార్కింగ్ కోసం ఇంటి చుట్టూ మొత్తం కాంక్రీటు పోశారు. గోడ మొదట్లో నీళ్లు నిలవకుండా ఆరేడంగుళాల ఎత్తున సిమెంట్ పట్టీ ఎత్తారు. రెండు మూడు వానాకాలాల తర్వాత అడుగున సున్నపు పూత ఊడడం మొదలైంది. అప్పుడు నాలుగడుగుల దాకా పాత పూత చెక్కేసి, వాటర్‌ప్రూఫ్ కాంపౌండ్ కలిపిన సిమెంట్ ప్లాస్టరింగ్ చేశారు. చెమ్మ ఆ నాలుగడుగుల పైన కనపడింది. లోపల అదే ఎత్తుకు గోడలకు టైల్స్ అతికించారు. తర్వాత కడప బండల మీదే సిమెంట్ మాలు వేసి విట్రిఫైడ్ టైల్స్ పరిచారు. చివరగా ఒక కంపెనీవాళ్లు గోడకు వరసగా బెజ్జాలు వేసి రసాయనం ఎక్కించారు.

ఇవి ఎందుకు పనిచేయలేదో చెప్పుకోవాలి. సున్నపు గోడ నీళ్లను ఆపే గోడ కాదు, తాగి ఆరే గోడ. నేల నుంచి పీల్చుకున్న తేమ అడుగడుగునా బయటికి ఆవిరైపోతూ ఉంటే రెండడుగుల లోపే ఆగిపోతుంది. ఆ రెండడుగులను సిమెంట్‌తో మూస్తే తేమ ఆరడానికి చోటు వెతుక్కుంటూ పైకి ఎక్కుతుంది. టైల్స్ వేస్తే ఇంకా పైకి. నేలకూ అంతే: కడప బండల మధ్య సున్నపు అతుకుల్లోంచి నెమ్మదిగా ఆరిపోయే తేమకు విట్రిఫైడ్ టైల్ మూతపడింది. మిగిలిన దారి గోడ ఒక్కటే. ఇక రసాయనం ఎక్కించడం: 18 అంగుళాల పాత గోడలో నడిమధ్యన ఇటుక ముక్కలు, సున్నం నింపి ఉంటుంది, సందులు ఎక్కువ. ఎక్కించిన ద్రవం ఆ సందుల్లోకి జారిపోతుంది తప్ప గోడ అడ్డంగా ఒక పొరలా ఏర్పడదు.

పడకగదిలో ఒక టైల్ ఊడదీసి చూస్తే ఇటుక ముఖం మీద తెల్లటి ఉప్పు, గోరుతో గీకితే ఇటుకే పొడిగా రాలింది. పావు అంగుళం లోతున ముఖం పోయింది. టైల్ వెనక మాత్రం సిమెంట్ గట్టిగా, చెక్కుచెదరకుండా ఉంది. గట్టిది మెత్తనిదాన్ని తినేసింది.

తేల్చుకున్న తీరు

మొదటి ఆధారం పెద్దావిడ మాటల్లోనే దొరికింది. "నేను కాపురానికి వచ్చినప్పుడు వరండాకి ఐదు మెట్లెక్కేదాన్నండీ. ఇప్పుడు రెండే." ఒక్కో మెట్టు ఆరంగుళాలు. అంటే ఇంటి అరుగు మట్టం 30 అంగుళాల ఎత్తున ఉండేది, ఇప్పుడు 12 మిగిలింది. మిగతా 18 అంగుళాలు వాకిలి కింద పూడిపోయాయి.

ముందు వాకిట్లో గోడకు రెండడుగుల దూరంలో ఒక గుంట తవ్వి చూశాం. పై నుంచి నాలుగంగుళాల కాంక్రీటు, దాని కింద ఇటుక ముక్కల పూడిక, దాని కింద ఇంకెప్పుడో వేసిన మూడంగుళాల కాంక్రీటు, గ్రావెల్, ఆ కింద అసలు తోట మట్టి. నీటి గొట్టంతో లెవెల్ పట్టాం. రోడ్డు నడిమధ్య భాగం వాకిలి కంటే నాలుగంగుళాలు ఎత్తున ఉంది. పాత రోడ్డును చెక్కకుండా దాని మీదే కొత్త పొర వేస్తూ పోతే ఇలాగే అవుతుంది. ఇంటివాళ్లు రోడ్డుతో పోటీపడి వాకిలి పెంచుకుంటూ వచ్చారు. ఆఖరిసారి పోసిన కాంక్రీటు వాలు ఇంటి వైపుకే ఉంది.

పునాది మీద చుట్టూతా పలచని కడప బండల వరస ఒకటి కనపడింది, పాత నేలకు 25 అంగుళాల ఎత్తున. కట్టినవాళ్లు చెమ్మకు వేసిన అడ్డుకట్ట అది. ఇప్పటికీ నిక్షేపంగా ఉంది. ఇప్పటి వాకిలికి ఏడంగుళాల పైనే ఉంది కాబట్టి పనిచేయాలి. అయితే కాంక్రీటు నుంచి ఎత్తిన సిమెంట్ పట్టీ, దాని మీది ప్లాస్టరింగ్ ఆ బండల వరసను దాటి పైకి పోయాయి. కింది తేమ బండను చుట్టుకుని, బయటి పూత గుండా పై ఇటుకలోకి వెళుతోంది. బండ ఉండీ లేనట్టే.

దీన్ని నిర్ధారించుకోవడానికి గోడలో నాలుగు ఎత్తుల్లో, మూడంగుళాల లోతు నుంచి ఇటుక పొడి తీశాం. డ్రిల్లు నెమ్మదిగా తిప్పాలి, లేకపోతే వేడికి పొడి ఆరిపోయి లెక్క తప్పుతుంది. తూకం వేసి, 105 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి, మళ్లీ తూకం. ఒక అడుగు ఎత్తున తేమ 17 శాతం, మూడడుగుల దగ్గర 13, ఐదడుగుల దగ్గర 8, ఏడడుగుల దగ్గర 3. కింద ఎక్కువ, పైకి పోయేకొద్దీ తక్కువ: ఇది నేల నుంచి ఎక్కే తేమే. మిద్దె కారడం వల్ల అయితే లెక్క తలకిందులుగా ఉండేది. స్నానాలగది గోడ దగ్గర మాత్రం మూడడుగుల ఎత్తున ఒక్కసారిగా 19 వచ్చింది. అక్కడ పైపు కారుతోంది. దాన్ని విడిగా బాగుచేయించాం. ఇలాంటి చిన్న లీకును ముందే పక్కన పెట్టకపోతే మిగతా లెక్కలన్నీ మసకబారతాయి.

అదే పొడిని డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి వడగట్టి సిల్వర్ నైట్రేట్ చుక్కలు వేస్తే పాలలా తెల్లబడింది. క్లోరైడ్ ఉప్పు బాగా ఉంది. బోరు నీళ్లూ ఉప్పనే. గోడ పక్క కుండీలకు రోజూ పోసిన ఆ నీళ్లు కూడా గోడకే చేరాయి.

నేల పని

ఇక్కడ ఆలోచన రెండు వైపులా లాగింది. గోడ ఆరాలంటే చుట్టూ ఉన్న కాంక్రీటు తీసి నేలను తెరవాలి. నల్లరేగడిలో అలా తెరిచి వదిలేస్తే వాన నీళ్లు పునాది పక్కనే ఇంకి, మట్టి ఉబ్బుతుంది. వేసవిలో పగుళ్లిచ్చి కుంగుతుంది. ఒక మూల ఉబ్బి ఇంకో మూల కుంగితే గోడ చీలుతుంది. ఈ మట్టిలో పునాదికి కావాల్సింది పూర్తిగా పొడి కాదు, ఏడాది పొడవునా ఒకేలాంటి తేమ. అందుకని గాలి తగలాలి, నీళ్లు నిలవకూడదు అన్నదే లెక్కగా పెట్టుకున్నాం.

గోడ వెంబడి మూడడుగుల వెడల్పున రెండు పొరల కాంక్రీటూ కట్టర్‌తో కోసి తీశాం. బ్రేకర్ వాడితే అదురుకు సున్నపు గోడ పగుళ్లిస్తుంది. తర్వాత 18 అంగుళాల లోతు కాలువ, పాత నేల మట్టం దాకా. పునాది నాలుగడుగుల లోతుకు ఉంది కాబట్టి దాని అడుగుకు ఇంకా చాలా పైనే ఆగాం. ఒకేసారి మొత్తం తవ్వలేదు. ఆరడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి తవ్వి, నింపాకే పక్కది. అడుగున బంకమట్టిని గోడ నుంచి బయటికి వాలుగా దిమ్మిస కొట్టి, దాని మీద మందపాటి పాలిథిన్ పరిచి, జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీళ్లను వదిలి మట్టిని ఆపేది) చుట్టిన 110 మి.మీ. బెజ్జాల పైపు, వందకు ఒకటి వాలు. మీద 20 మి.మీ. కంకర. గోడకు గాలి తగులుతుంది, పడిన నీళ్లు పైపులోకి పోతాయి, పునాది కిందికి ఇంకవు.

ఆ నీళ్లను ఎక్కడికి పంపాలి? మామూలుగా అందరూ ఇంకుడు గుంట అంటారు. అడుగు చదరం గుంట తవ్వి నీళ్లు నింపి చూస్తే మర్నాటికి దాదాపు అలాగే ఉన్నాయి. రేగడిలో లోతులేని ఇంకుడు గుంట నీళ్ల తొట్టి అవుతుంది తప్ప ఇంకదు. రోడ్డు పక్క కాలువకు పంపుదామంటే అది ఎత్తున ఉంది. చివరికి రెండు రకాల నీళ్లను విడదీశాం. మిద్దె మీది వాన నీళ్లు శుభ్రమైనవి. వాటిని ఇసుక, కంకర, బొగ్గు పొరల తొట్టి గుండా వెనక పాత బావిలోకి పంపాం. బావి మీద స్లాబు వేసి చెత్త నింపి ఉంది. పూడిక తీయించి, ఒరలు సరిచేయించాం. ఇంటి గోడకు బాగా దూరంగా ఉంది కాబట్టి పునాదికి భయం లేదు, సెప్టిక్ ట్యాంకు వేరే వైపు. వాకిటి నీళ్లు మాత్రం ముందు మూలన కట్టిన చిన్న సంపులోకి చేరి, అక్కడి నుంచి ఫ్లోట్ స్విచ్ ఉన్న అర హార్స్‌పవర్ మోటారుతో రోడ్డు కాలువకు పోతాయి. మోటారు మీద ఆధారపడడం నచ్చే పని కాదు. రోడ్డు మట్టం మన చేతిలో లేనప్పుడు అంతకంటే మెరుగైన దారి లేదు.

వాకిట్లో మిగతా కాంక్రీటు కూడా చాలా భాగం తీయించాం. రెండు కార్లకు చక్రాలు నడిచేచోట మాత్రం రెండడుగుల వెడల్పు కడప బండల పట్టీలు, మధ్యలో గడ్డి. హాంప్‌స్టెడ్‌లో ఈ రోజుకీ ముందు తోటలో కార్లకు గచ్చు చేయించుకోవాలంటే అక్కడి ట్రస్టు అనుమతి ఉండాలి. వాళ్లు దాన్ని అందం కోసం పెట్టుకున్నారు. ఇక్కడ మనకు గోడ కోసమే అది కావాలి.

పక్క సందులో గోడకు దగ్గరలోనే పెద్ద వేపచెట్టుంది. వేళ్లు పునాదిలోకి వస్తాయని కొట్టేయమన్నారు చాలామంది. కొట్టించలేదు. దశాబ్దాలుగా ఆ చెట్టు తాగుతున్న నీరంతా ఒక్కసారిగా మట్టిలో మిగిలిపోతే రేగడి ఉబ్బి ఆ మూల గోడను ఎత్తుతుంది. మూడో వంతు కొమ్మలు తీయించి, రెండేళ్లకోసారి అలాగే చేయమన్నాం.

గోడ పని

సిమెంట్ పూత తీయడం ఓపికతో చేసే పని. తట్టి చూసి డొల్ల శబ్దం వచ్చేచోట మొదలుపెట్టి, ఉలిని గోడకు ఏటవాలుగా పెట్టి అంచులోంచి లేపాలి. నేరుగా కొడితే ఇటుక ముఖంతో సహా వస్తుంది. చెమ్మ కనపడే ఎత్తు మీద ఇంకో రెండడుగుల వరకు తీశాం. గోడ టైల్స్, నేల టైల్స్ కూడా. కింద కడప బండలు దాదాపు అన్నీ బాగున్నాయి, అతుకులు మాత్రం సున్నంతో మళ్లీ నింపాం. ఫిబ్రవరిలో తీసి జూన్ దాకా గోడలను అలాగే వదిలేశాం. బయటికి వచ్చిన ఉప్పును పొడి బ్రష్షుతో దులిపి చేటలోకి ఎత్తి పారేయాలి. నీళ్లతో కడిగితే ఉప్పు మళ్లీ లోపలికే పోతుంది.

జూన్ నాటికి లెక్కలు ఇలా ఉన్నాయి: ఒక అడుగు దగ్గర 11, మూడడుగుల దగ్గర 7, ఐదడుగుల దగ్గర 4. దిగింది, ఇంకా దిగాలి. గోడ ఆరడానికి అంగుళానికి ఒక నెల అన్నది మోటు లెక్క. 18 అంగుళాలంటే ఏడాదిన్నర. పెద్దావిడ అన్నాళ్లు ఒట్టి ఇటుక గోడల మధ్య ఉండలేరు. అందుకని రెండు దశల పూత ఆలోచించి, ముందుగా వెనక గదిలో మూడు రకాలు పక్కపక్కన పూసి వానాకాలమంతా చూశాం.

ఒకటి సున్నం, ఇసుక 1:3. రెండోది సున్నం, ఇటుక పొడి, ఇసుక 1:1:2. మూడోది మొదటిదానిలోనే సున్నంలో పదో వంతు సిమెంట్ కలిపింది. మేస్త్రీలు చాలామంది "పట్టు కోసం" ఇలాగే కలుపుతారు. అక్టోబరుకల్లా మూడోదాని పై అంచున ఉప్పు గీతలా తేలింది, అంటే తేమను పైకి నెడుతోంది. కొద్దిపాటి సిమెంట్ కూడా చాలు గోడ నోరు మూయడానికి. మొదటిది అడుగున పొడిగా రాలింది; చెక్కి చూస్తే వెనక ఇటుక శుభ్రంగా ఉంది. ఉప్పును అది తనలోకి లాక్కుంది. రెండోది రాలలేదు, వెనక ఇటుక మీద మాత్రం కాస్త ఉప్పు ఉంది.

రాలినదాన్నే కిందికి ఎంచుకున్నాం. నేల నుంచి మూడున్నర అడుగుల దాకా 1:3 సున్నం, ఇసుక పూత, రెండు మూడేళ్లలో చెక్కి మళ్లీ వేసేందుకు. అది ఉప్పును తాగి పోయే పూత. ఆ మూడున్నర అడుగుల ఎత్తుకు పైన గోడకు ఇటుక పొడి కలిపిన గట్టి పూత. ఇంటివాళ్లకు ఇది ముందే విడమరిచి చెప్పాలి. లేకపోతే మొదటిసారి పొడి రాలగానే పని చెడిందనుకుని మళ్లీ సిమెంట్ దగ్గరికి వెళతారు.

సున్నం పిడుగురాళ్ల బట్టీల నుంచి రాయి సున్నంగానే తెప్పించి, తొట్టిలో నీళ్లలో విరిచి, జల్లెడ పట్టి, మీద నీళ్లు నిలిపి మూడు నెలలు మాగపెట్టాం. బస్తా సున్నం పొడి అప్పటికప్పుడు కలిపితే విరగని రవ్వలు పూతలో ఉండిపోయి, తర్వాత ఉబ్బి పొక్కులొస్తాయి. ఇసుక ముతకగా, మంచినీళ్లతో కడిగినది కావాలి. ఉప్పు బోరు నీళ్లు ఒక్క బొక్కెన కూడా మాలులో కలవకుండా చూడాలి. పూత పొరకు అర అంగుళం మించకుండా రెండు పొరలు, నవంబరు చివర నుంచి జనవరి లోపల. మార్చి దాటితే గుంటూరు ఎండకు సున్నం గట్టిపడకముందే ఎండి పొడైపోతుంది. గోనెపట్టాలు తడిపి కట్టి వారం పది రోజులు చల్లగా ఉంచాం.

బయట కడప బండల వరస దగ్గర పూతను ఆపేశాం. బండకు పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో అర అంగుళం ఖాళీ గీత. ఈ కేసులో అన్నిటికంటే చవకైన పని ఇదే, ఎక్కువ ఫలితం ఇచ్చిందీ ఇదే. రంగుకు తుమ్మబంక కలిపిన వెల్ల, పలచగా ఐదు పూతలు. ప్లాస్టిక్ ఎమల్షన్ వేస్తే చేసిందంతా వృథా.

రెండో వేసవి చివర కొలిస్తే అడుగు దగ్గర 6, మూడడుగుల దగ్గర 4, ఐదడుగుల దగ్గర 3. ఆ నడుమ నవంబరు తుపాను వానల్లో కూడా పెరగలేదు.

మిద్దె గురించి క్లుప్తంగా. మద్రాస్ టెర్రస్‌లో టేకు దంతెల మీద పలచటి ఇటుకలను ఏటవాలుగా నిలబెట్టి సున్నంతో కట్టి, మీద ఇటుక జల్లి సున్నం కాంక్రీటు దిమ్మిస కొడతారు. దాని మీద రెండుసార్లు సిమెంట్ పొరలు వేసి బరువు పెంచారు. అవి తీయించాం. దంతెల చివర్లు గోడలో దూరేచోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూస్తే మూడు మెత్తబడి ఉన్నాయి. చివరన పుచ్చిన ముక్క కోసి పాత టేకే అతికి, బోల్టులు బిగించాం. చివర్ల చుట్టూ గాలి ఆడేలా అర అంగుళం వదిలాం. గోడ ఆరితే దంతె చివర కూడా ఆరుతుంది, కాబట్టి మిద్దె పని గోడ పని తర్వాతే.

అపార్ట్‌మెంటా, ఇల్లా

గోడ బాగుపడితే సరిపోదు, స్థలం విలువ అలాగే ఉంది. ఆ ఒత్తిడికి జవాబు ఇవ్వకుండా ఇంటిని కాపాడామనుకుంటే పదేళ్లలో మళ్లీ బిల్డరు వస్తాడు. ఊళ్లో ఉండే కొడుక్కి నిజంగానే ఇల్లు చాలడం లేదు. కాబట్టి వెనక 54 అడుగుల్లో పాత ఇంటికి 15 అడుగులు వదిలి, 44 బై 28 అడుగుల జి ప్లస్ వన్ కట్టుకునేలా ప్లాన్ చేశాం. రెండూ కలిపినా స్థలంలో 42 శాతం లోపే. రోడ్డు నుంచి చూస్తే పాత ఇల్లు, ముందు తోట ఎప్పటిలాగే ఉంటాయి. రేగడిలో కొత్త పునాదికి గుంటలు తవ్వి వానకు వదిలితే పాత ఇంటి కింద మట్టి కదులుతుంది. అందుకే అండర్‌రీమ్డ్ పైల్స్ వాడాం. కింది చివర ఉబ్బెత్తుగా ఉండే ఈ పైల్స్ కనీసం 3.5 మీటర్ల లోతుకు, అంటే తడికి ఉబ్బి ఎండకు కుంగే పొరను దాటి దిగుతాయి. పెద్ద గుంటలు తవ్వాల్సిన పని ఉండదు.

మిగిలింది రేపటి సంగతి. హాంప్‌స్టెడ్ చరిత్రలో ఒక మలుపు ఇక్కడ అక్కరకొచ్చింది. అక్కడ షరతులన్నీ లీజుల్లో ఉండేవి. 1967లో లీజుదారులు భూమిని సొంతం చేసుకునే హక్కు చట్టంగా వచ్చింది. భూమి కొనుక్కుంటే లీజుతో పాటు షరతులూ పోతాయి. ఆ గండాన్ని తప్పించడానికి అదే చట్టంలోని వెసులుబాటును పట్టుకుని, కొనుక్కున్నాక కూడా షరతులు నిలిచేలా ఒక నిర్వహణ పథకాన్ని 1974లో కోర్టు ఆమోదంతో తెచ్చుకున్నారు. 1968లోనే ఆ ప్రాంతం రక్షిత ప్రాంతంగా ప్రకటితమైంది, అయినా అది ఒక్కటే చాలదని వాళ్లకు తెలుసు.

మన పేటలకు అలాంటి పథకం లేదు. ఉన్నది అన్నదమ్ముల పంపకాల దస్తావేజు. వకీలుగారితో కూర్చుని, ముందు ఇల్లు ఒకరికి, వెనక ఇల్లు ఒకరికి, మధ్య దారి ఉమ్మడి అని రాయించాం. ముందు 26 అడుగుల్లో కట్టడం గానీ గచ్చు గానీ చేయకూడదని, గోడ వెంబడి మూడడుగుల కంకర పట్టీ మూయకూడదని రెండు వైపులా ఒప్పుకుంటూ రిజిస్టరు చేయించారు. ఆస్తి బదలాయింపు చట్టం 40వ సెక్షన్ ప్రకారం, ఇలాంటి వద్దనే షరతును తెలిసి కొన్నవాళ్ల మీద కూడా పక్క స్థలం హక్కుదారు నిలబెట్టుకోవచ్చు. వట్టి మాట మీద వదిలేసిన తోట ఒక తరం కంటే ఎక్కువ నిలవదు. రెండో స్థలం వాడికి దానిలో హక్కు ఉంటేనే నిలుస్తుంది.

ఇలాంటి ఇంటికి పిలుపు వస్తే

గోడను చూసే ముందు మెట్లు లెక్కపెట్టండి. వరండా అడుగు మెట్టు సగం పూడి ఉంటే సగం నిర్ధారణ అక్కడే అయిపోతుంది. పాత ఫొటోలు, ఇంట్లో పెద్దవాళ్ల మాటలు మీటరు రీడింగుల కంటే ముందు అడగాలి. రెండోది, మట్టి తెలియకుండా ఈ కేసులోని కాలువను ఇంకోచోట దించకండి. విజయవాడలో కృష్ణ ఒడ్డున ఇసుక కలిసిన ఒండ్రు నేలల్లో పాలిథిన్ పొర, సంపు అక్కర్లేకపోవచ్చు. ఇంకుడు గుంటే సరిపోవచ్చు. గుంటలో నీళ్లు పోసి మర్నాడు చూస్తే తెలిసిపోతుంది. మూడోది వరస: నీళ్ల దారి, తర్వాత నేల, తర్వాత గోడ, తర్వాత మిద్దె, ఆఖరున రంగు. ఇంటివాళ్లు ఎప్పుడూ రంగు నుంచే మొదలుపెట్టమంటారు, ఎందుకంటే కంటికి కనపడేది అదే.

ఇంటివాళ్లకు ఇచ్చిన కాగితంలో ఉన్నవి: జూన్ మొదట్లో సంపు మోటారు నడిపి చూడాలి, ఫ్లోట్‌కు పట్టిన పాచి తీయాలి. బావి దగ్గరి వడపోత తొట్టిలో పై పొర ఇసుక ఏటా మార్చాలి, మొదటి వాన నీళ్లను బావికి వెళ్లనీయకుండా బయటికి వదలాలి. కంకరలో ఆకులు నిండితే ఎత్తి కడిగి మళ్లీ పోయాలి. బండల వరస దగ్గరి ఖాళీ గీతను ఎవరూ మాలుతో నింపకుండా చూడాలి. కొత్త మేస్త్రి వస్తే మొదట చేసేది అదే. కింది మూడున్నర అడుగుల పూత పొడి రాలడం పెరిగినప్పుడు, నవంబరు తర్వాత, పాత పూతను పూర్తిగా చెక్కి గోనెసంచుల్లో ఎత్తి ఆవరణ బయటికి పంపాలి. దాన్ని తోటలో పోస్తే ఉప్పు మళ్లీ అదే గోడకు చేరుతుంది. వరండా రెండో మెట్టు పక్కన అరుగులో ఒక ఇత్తడి మేకు కొట్టి ఉంది, కార్పొరేషన్ రోడ్డు వేసినప్పుడల్లా దాని నుంచి రోడ్డుకు లెవెల్ కొలిచి రాసుకోవాలి. పొర మీద పొర వేస్తున్నారని తేలితే, ఆ కొలతల కాగితం జతచేసి, పాతది చెక్కి వేయమని పని మొదలుకాకముందే అర్జీ పెట్టాలి.